‘ఎక్స్11లోకి వెళ్ళిపోండి’ అనే సలహా ఎక్కణ్ణుంచి వచ్చింది?

మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, వాగు దాటితే పాతపట్నం. జిరాక్సు షాపులు, డీటీపీ షాపులు నడిపేవాళ్ళు, వాళ్ళ మిషన్లలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించిపెట్టిన మాలాంటివాళ్ళు, అందరిదీ ఒకటే టెన్షన్. ఎక్స్11 తీసేస్తున్నారట కదా, మరి మన టైపింగ్ సంగతేమిటి? లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించి, కొట్టిన మీటలు ప్రోగ్రామ్‌లకి అందించే పాత ఏర్పాటు ఎక్స్11, దాని స్థానంలో వస్తున్న కొత్తది వేలాండ్. మా మిషన్లలో ఉండే డెస్క్‌టాప్ పేరు ప్లాస్మా, దాన్ని తయారుచేసేది కేడీఈ అనే బృందం. ప్లాస్మా 6.8 నుంచి వేలాండ్ ఒక్కటే ఉంటుందని, ఎక్స్11 సెషన్‌కి మద్దతు 2027 మొదట్లో ఆగిపోతుందని కేడీఈ 2025 నవంబర్‌లో ప్రకటించినప్పుడు ఒకసారి గొడవ రేగి చల్లారింది. ఇప్పుడు గడువు గుర్తొచ్చి మళ్ళీ రాజుకుంది.

ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టడం, కేడీఈ 1996లో మొదలవడం చాలాసార్లు చదివినవే కాబట్టి వదిలేస్తున్నాను. పర్లాకిమిడిలో తెలుగూ ఒడియా ఎందుకు పక్కపక్కన ఉంటాయో కూడా కొత్తగా చెప్పక్కర్లేదు, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన సంగతి ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. మా షాపుల్లో రోజూ జరిగేది మాత్రం చెప్పాలి. శుభలేఖ ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. దరఖాస్తు ఒడియాలో, దానికి జత చేసే ఉత్తరం ఇంగ్లీషులో, అప్పుడప్పుడూ హిందీ. ఎక్స్ పద్ధతిలో ఒకేసారి నాలుగు కీబోర్డ్ లేఅవుట్లే పెట్టుకోగలం, మా వాళ్ళకి ఆ నాలుగూ నిండిపోతాయి. అందుకే దేశంలో చాలామందికి చిన్న విషయంలా కనిపించే టైపింగ్ ఇక్కడ కూటి సంగతి.

ఇప్పటి వాదనంతా వేలాండ్ మంచిదా కాదా అన్నట్టు నడుస్తోంది. నాకు అది అసలు ప్రశ్నలా కనిపించడం లేదు. ‘లాగిన్ దగ్గర ఎక్స్11 ఎంచుకోండి, సరిపోతుంది’ అని రెండేళ్ళుగా మేమందరం ఇస్తూ వచ్చిన ఆ ఒక్క ముక్క సలహా ఉంది చూడండి, ఈ రోజు కష్టం దానిలోంచి వచ్చింది. ఆ అలవాటు మాకు 2008లో పట్టింది.

ముందు 2024 సంగతి కొంచెం. ఆ ఏడాది ఫిబ్రవరి 28న ప్లాస్మా 6 వచ్చింది, అందులో వేలాండే మామూలు సెషన్ అయింది. కొత్త వెర్షన్ వేసుకున్న మిషన్లలో తెలుగు పడటం ఆగింది. నాకు మొదట ఫోన్ చేసింది పర్లాకిమిడి షాపు అన్న. ‘ఏటి బాబూ, తెలుగు కొడతంటే ఇంగ్లీషే పడతంది, రేపు ముహూర్తం కార్డులివ్వాల’ అన్నాడు. నేనేం చేశాను? ఎక్స్11లోకి పంపేశాను. రెండు నిమిషాల్లో పని జరిగింది, కార్డులు అచ్చయ్యాయి, అన్న టీ ఇప్పించాడు. ఎందుకు పడలేదో నేను చూడలేదు, ఎవరికీ రాయలేదు కూడా.

తర్వాత తీరిగ్గా చూస్తే కారణం సూటిగానే ఉంది. ఎక్స్11లో ఒక ప్రోగ్రామ్‌లో కొట్టే మీటలను ఇంకో ప్రోగ్రామ్ వినగలదు, పాస్‌వర్డ్ అయినా సరే. వేలాండ్ ఆ తలుపు మూసింది. ఏ మీట ఎవరికి వెళ్ళాలో కంపోజిటర్ ఒక్కటే తేలుస్తుంది, ప్లాస్మాలో దాని పేరు కేవిన్. ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్, ఫ్సిటిక్స్ లాంటివి ఇప్పుడు కేవిన్ చేతి మీదుగా నడవాలి. దానికి సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద ‘వర్చువల్ కీబోర్డ్’ అనే పేజీ తెరిచి ఐబస్ వేలాండ్ గానీ ఫ్సిటిక్స్ 5 గానీ ఎంచుకోవాలి. వర్చువల్ కీబోర్డ్ అంటే తెర మీద తేలే మీటల పలక అనుకుంటాం ఎవరమైనా. తెలుగు పడనివాడు ఆ పేజీ ఎందుకు తెరుస్తాడు? పైగా అంతకుముందు మేమే ప్రతి మిషన్‌లో ఎక్స్‌ప్రొఫైల్ అనే దాచిన ఫైల్లో మూడు లైన్లు రాసిపెట్టాం, ఐబస్ లేవడానికి. వేలాండ్ సెషన్ చాలాచోట్ల ఆ ఫైలు ముఖమే చూడదు. కేడీఈ సెట్టింగ్స్‌లోనే, భారతీయ భాషలకి ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికని లేఅవుట్‌గా పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ లేదు. ఉచ్చారణ పద్ధతిలో కొట్టేవాళ్ళే ఇరుక్కున్నారు, మా షాపుల్లో కుర్రాళ్ళంతా అలాగే కొడతారు.

ఇక 2008కి వస్తాను. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే.

ఆ ఏడాది జనవరి 11న కేడీఈ 4.0 విడుదలైంది, అప్పట్లో డెస్క్‌టాప్‌నీ కేడీఈ అనే పిలిచేవారు. పునాది మొత్తం మార్చి కట్టిన ఇల్లు. కింద ఉండే ప్యానెల్ సైజు మార్చుకునే వీలు కూడా అప్పటికి లేదు, డెస్క్‌టాప్ మీద ఫైళ్ళు పాత పద్ధతిలో కనిపించవు, వాటిని చూపే ఫోల్డర్ వ్యూ జూలైలో 4.1తో గానీ రాలేదు. తయారుచేసినవాళ్ళు ఇది దాచలేదు. 4.0 ముఖ్యంగా ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ళు కొత్త పునాదికి మారడం మొదలుపెట్టడానికి, రోజువారీ పనికి 3.5 ఇంకా ఉంది అని చెబుతూనే ఉన్నారు. ఉంది కూడా, 3.5.10 ఆ ఆగస్టులో వచ్చింది. కానీ అంకె 4.0 అని ఉంటే, విడుదల అని పేరు పెడితే, డిస్ట్రోలు, అంటే లినక్స్‌ని డెస్క్‌టాప్‌తో సహా మూటగట్టి ఇచ్చేవి, ఏం చేస్తాయి? కుబుంటు 8.04, ఓపెన్‌సూసె 11.0 జాగ్రత్తపడి 3.5ను కూడా చేతికందేలా ఉంచాయి. మే నెలలో వచ్చిన ఫెడోరా 9 మాత్రం 4.0నే ఇచ్చింది. జనం చేతికి డీవీడీ వచ్చింది, డీవీడీతో పాటు ఆ హెచ్చరిక రాలేదు.

నేనప్పుడు బరంపురంలో చదువుకుంటున్నాను. పత్రికతో వచ్చిన డీవీడీతో గుణుపురంలో మా స్నేహితుడి మావయ్యగారి షాపులో రెండు మిషన్లకి ఎక్కించాం. ఏ డిస్ట్రో అన్నది అనవసరం. వారం తిరక్కుండా ఇబ్బందులు. డెస్క్‌టాప్ చేసినవాళ్ళని అడిగితే మీ డిస్ట్రోని అడగండి అన్నారు, డిస్ట్రోవాళ్ళని అడిగితే ఇది పై నుంచి వచ్చిన తేడా, అక్కడ చెప్పుకోండి అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మాటా వాళ్ళ లెక్కలో నిజమే. మధ్యలో మావయ్యగారు మిషన్ ముందు కూర్చుని ఉన్నారు, బయట బెంచీ మీద మార్కుల లిస్టులు జిరాక్సు తీయించుకునే పిల్లలు. మేం చేసింది ఏమిటంటే పాత 3.5 ఉన్న డిస్క్ వెతికి వెనక్కి మార్చేశాం. ఆయన సంతోషించారు. మేం గొప్పగా సాయం చేశామనుకున్నాం.

అదిగో, ఆ రోజు నుంచీ మా ఊళ్ళలో సాయం అంటే ‘పాతదానికి వెళ్ళిపోండి’ అయింది. మా ఊళ్ళలోనే కాదు. లినక్స్ కెర్నెల్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా కేడీఈ 4 పడక గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారినట్టు 2009లో చెప్పాడు. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చాక అక్కడినుంచి ఎక్స్ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కి వెళ్ళాడు. ఆయనకి వెళ్ళడానికి చోటుంది, తెలివీ ఉంది. కొందరు పాతదాన్నే భుజాన వేసుకుని బతికించారు కూడా. 3.5 నుంచి ట్రినిటీ, గ్నోమ్ 2 నుంచి మాటె అలా వచ్చినవే, మాటె మొదలుపెట్టింది అర్జెంటీనాలో ఒక మామూలు వాడకందారు. అది నిజమైన పని, దానికి దణ్ణం పెడతాను. మేం చేసింది అది కాదు. ఎవరో బతికిస్తే వాడుకున్నాం, ఎవరూ బతికించని రోజున కొత్త దాంట్లో మా ఇబ్బంది ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది. 2008లోనే వేలాండ్ కూడా మొదలైంది, క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అనే ఆయన చేతుల్లో. అంటే మాకు పదహారేళ్ళ వ్యవధి దొరికింది. ఆ పదహారేళ్ళలో తెలుగు, ఒడియా కలిపి కొట్టే మిషన్ ఒకటి వేలాండ్ మీద పెట్టి చూసినవాళ్ళు మా వైపు నాకు తెలిసి ఒక్కరూ లేరు, నాతో సహా.

కేడీఈ వైపు మాట చెప్పాలి, చెబుతాను. రెండు దారులకూ కోడ్ రాసి రెండిటినీ పరీక్షించడం వాళ్ళకి మోయలేని బరువు, ఎక్కువమంది సొంత సమయంలో చేస్తున్న పని. 2025 జూన్‌లో ప్లాస్మా 6.4తో కేవిన్‌నే ఎక్స్11కి ఒకటి, వేలాండ్‌కి ఒకటి అని రెండుగా విడదీశారు. ఎక్స్11 వాడేవాళ్ళు ప్యాకేజీ విడిగా వేసుకోవాలని ఆర్చ్ అనే డిస్ట్రో అప్పుడే తన వాళ్ళకి ముందుగా చెప్పింది. ఎక్స్11 కోసం రాసిన పాత ప్రోగ్రామ్‌లు వేలాండ్‌లో కూడా ఎక్స్‌వేలాండ్ అనే వంతెన ద్వారా నడుస్తూనే ఉంటాయి. 2008తో పోలిస్తే ఈసారి గడువు ముందుగా, స్పష్టంగా చెప్పారు. ఇవన్నీ ఒప్పుకోవాల్సినవే.

కానీ షాపులవాళ్ళ మాట ఎవరూ పూర్తిగా వినలేదు కాబట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను. వాళ్ళు కొత్తది వద్దనడం లేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగినప్పుడు, విండోస్ 11 ఎక్కని పాత మిషన్లు పారేయకండి, లినక్స్ వేసుకోండి అని ఎండ్ ఆఫ్ 10 పేరుతో ప్రచారం చేసినవాళ్ళలో కేడీఈ కూడా ఉంది. ఆ మాట నమ్మే మా దగ్గర కొన్ని షాపులు మారాయి. 2024 జనవరిలో డీటీపీ ప్రోగ్రామ్ స్క్రైబస్ 1.6 వచ్చాక యూనికోడ్ తెలుగు, ఒడియా అందులో ఒత్తులతో సహా సరిగ్గా కూర్చోవడం చూసి, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, ఆకృతి ఫాంట్లు వదిలి వచ్చినవాళ్ళూ ఉన్నారు. డీటీపీ మనిషి పాత ఫాంట్ వదలడమంటే ఇరవయ్యేళ్ళ ఫైళ్ళు వదలడం. అంత చేసి వచ్చినవాళ్ళు అడుగుతున్నది ఒక్కటే. తీసేముందు మా అక్షరాలు పడుతున్నాయో లేదో చూశారా?

చూడాలంటే ఎవరైనా చెప్పాలి కదా అన్నది జవాబు. చెప్పే దారి ఎలా ఉందో చూడండి. కేడీఈలో బగ్ రిపోర్ట్, అంటే ప్రోగ్రామ్‌లో తేడా ఉందని పంపే ఫిర్యాదు, ఇంగ్లీషులో రాయాలి. వివరాలు కావాలని అడిగాక జవాబు రాకపోతే 15 రోజులకి ఒక గుర్తుచేత, 30 రోజులకి రిపోర్ట్ దానంతటదే మూతపడుతుంది. పనికిరాని రిపోర్టుల గుట్ట కింద ఉన్న కొద్దిమందికి ఆ నియమం అవసరమే, కాదనను. అయితే గుణుపురం షాపుకి నేను వెళ్ళేది నెలకోసారి. వాళ్ళు అడిగింది నేను చూసి, షాపులో ఆ వివరాలు తీసి, ఇంగ్లీషులో రాసేసరికి నెల దాటుతుంది. పోయిన ఏడాది వేరే ఒక ప్రోగ్రామ్ మీద నేను రాసింది సరిగ్గా అలాగే మూతపడింది. పరిష్కారమైనట్టు లెక్క, షాపులో తేడా మాత్రం అలాగే ఉంది. ఇంత శ్రమ ఎందుకని ఎక్స్11లోకి పంపేయడం తేలిక. అందరం తేలిక దారే పట్టాం, అందుకే లెక్కల్లో తెలుగు టైపింగ్‌కి ఇబ్బందే లేదు.

ఇప్పటికి పరిస్థితి ఇది. మా షాపుల్లో ఎక్కువ మిషన్లు కుబుంటు 24.04 మీద ఉన్నాయి. అందులో ఉన్నది ప్లాస్మా 5.27, ఎక్స్11తోనే తెరుచుకుంటుంది, దానికి మద్దతు 2027 ఏప్రిల్ దాకా. కాబట్టి రేపు పొద్దున్నే ఏదీ ఆగిపోదు, అనవసరంగా ఎవరూ మిషన్ మార్చకండి, ముఖ్యంగా పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో. పర్లాకిమిడి అన్న షాపులో రెండో మిషన్‌ని మాత్రం వేలాండ్ మీద పెట్టాం. ఫ్సిటిక్స్ 5 వేసి, తెలుగు, ఒడియా ఉచ్చారణ పద్ధతుల కోసం దాని ఎం17ఎన్ ప్యాకేజీ విడిగా వేసి, పాత మూడు లైన్లు తీసేసి, వర్చువల్ కీబోర్డ్ పేజీలో ఎంచుకున్నాం. స్క్రైబస్‌లో, లిబ్రేఆఫీస్‌లో రెండు భాషలూ పడుతున్నాయి. ఒక బ్రౌజర్‌లో మాత్రం ఒడియాకి మారాక మొదటి అక్షరం ఒక్కోసారి మింగేస్తోంది. అది రిపోర్ట్ రాశాను, అడిగిన వివరాలు పదకొండో రోజున పంపాను, ఇంకా తెరిచే ఉంది.

రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఇలా రెండు మిషన్లున్న షాపులుంటే ఒకదాన్ని వేలాండ్ మీద పెట్టి చూడండి. ఎక్కడ ఏ అక్షరం పడలేదో, ఏ ప్రోగ్రామ్‌లోనో, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ దిస్ సిస్టమ్’ పేజీలో ఉన్న వివరాలతో పాటు తెలుగులోనే రాసి పంపండి. ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపే పని, ముప్పై రోజులు దాటకుండా చూసే పని నాది.