మీ పాటల లిస్టు విన్నాను

చిన్నీ, బుజ్జీ,

మీరు పంపిన ఇరవై రెండు పాటలూ విన్నాను. డాబా మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ విన్నాను, కాఫీ చల్లారిపోతోందని మీ అమ్మమ్మ రెండుసార్లు మెట్ల దగ్గరికొచ్చి కేకలేసింది కూడా. పాటలు బాగున్నాయి. కానీ మీరడిగింది, సమ్మర్‌లో డ్రమ్ కోర్ వాళ్లు, అదే మీ అమెరికాలో నడుస్తూ ఇత్తడి వాద్యాలూ డ్రమ్ములూ వాయిస్తూ పోటీపడే బృందాలు, మైదానంలో వేసే షోకి వీటిలో ఏవి పనికొస్తాయని కదా. అలా అయితే పద్దెనిమిది తీసేయండి.

కోపం తెచ్చుకోకండి, ఎందుకో చెబుతాను.

నేను తెనాలిలో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాణ్ణని మీకు తెలుసుగా. ఒకసారి మా మాస్టారు మంచి స్పీడు పాట ఒకటి నేర్పారు, గదిలో ప్రాక్టీసు చేస్తే అదిరిపోయింది. రాత్రి ఊరేగింపులో ముందు మేము, మా వెనక చిందులేసే కుర్రాళ్లు, ఆ వెనక పెళ్లికొడుకు కారు, అందరికంటే వెనక పెద్ద డ్రమ్ము. కుర్రాళ్లు ఆగినప్పుడల్లా మాకూ డ్రమ్ముకీ దూరం పెరిగిపోయింది. గాంధీ బొమ్మ మలుపు తిరిగేసరికి నా ట్రంపెట్ ఒక పాట, డ్రమ్ము ఇంకో పాట. మాస్టారు నా నెత్తిన ఒక్కటి మొట్టారు. తప్పు గాలిది, దెబ్బ నాకు!

మీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలోనూ అదే గొడవ. శబ్దం సెకనుకు 343 మీటర్ల దాకా పోతుంది, మైదానం వెడల్పు 49 మీటర్లు. అంటే వెనక గీత మీద ఉన్నవాడు ఊదింది ముందు గీత చేరడానికి 0.14 సెకను పడుతుంది. ఇదో లెక్కా అంటారేమో, నిమిషానికి 160 తాళం దెబ్బల వేగంలో ఒక దెబ్బని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 0.1 సెకను కూడా ఉండదు. అంటే వెనకవాడు ఒకటిన్నర ముక్క లేటు. వాడు ముందువాళ్లని విని వాళ్లతో కలవాలని చూశాడా, లేటు రెండింతలవుతుంది. అందుకే వెనకవాళ్లని, ముందు నిలబడి తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూడమంటారు, ముందు గీత దగ్గర మారింబాలు (పుల్లలతో కొట్టే చెక్కపలకల వాద్యాలు) వాయించేవాళ్లని వెనక్కి చెవి పెట్టమంటారు. మీ లిస్టులో ఎక్కువ పాటలు ఇక్కడే పోయాయి, మొదట్నించి చివరిదాకా గడగడా పరిగెత్తేవే. పరుగు ఉండొచ్చు, అప్పుడు పిల్లలంతా గుంపుగా దగ్గరికి చేరాలి. సాగదీసే స్వరాలొచ్చినప్పుడు మైదానమంతా పరుచుకోవచ్చు. ఆ రెండూ ఉన్న పాట వెతకండి.

రెండోది ఊపిరి. డ్రమ్ కోర్‌లో క్లారినెట్లుండవు, వయొలిన్లుండవు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, ముందు మారింబా, వైబ్రాఫోన్, సింథసైజర్ లాంటివి, జెండాలు తిప్పే కలర్ గార్డ్, అంతే. మామూలు అడుగే 5 గజాలకి 8, అంటే ఒక్కోటి 22.5 అంగుళాలు, అలా నడుస్తూ, కొన్నిచోట్ల పరిగెడుతూ ఊదాలి. పన్నెండు నిమిషాల లోపు షోయే అయినా పెదవి వాచిపోతుంది. వయొలిన్ వాడు పావుగంట ఆగకుండా లాగుతాడు, ట్రంపెట్ వాడికి అది కుదరదురా. పాటలో ఇత్తడి నోరుమూసుకుని డ్రమ్ములకి వదిలేసే చోటుందా అని చూడండి.

మూడోది మెల్లని పాట. ఇక్కడే నాకూ మీకూ పడదు. మీ లిస్టులో మెల్లనిది ఒక్కటీ లేదు! శాన్ ఆంటోనియోలో అలమోడోమ్ స్టేడియంలో డ్రమ్ కోర్ షోకి మీరే తీసుకెళ్లారు కదా, ఆ రాత్రి నాకు గుర్తున్నది స్పీడు పాట కాదు. ఒక గుంపు దాదాపు వినపడనంత సన్నగా మొదలుపెట్టి, నిమిషంపాటు పెంచుకుంటూ పెంచుకుంటూ వచ్చి, అందరూ ఒక్కసారి మనవైపు తిరిగి ఊదారు చూడండి, నా ముందు సీటాయన పాప్‌కార్న్ డబ్బా ఒలికిపోయింది. ఆయన వంగి ఏరుకోలేదు కూడా.

ఇక పాత షోలు కొన్ని వినండి. 1988 పోటీలో మాడిసన్ స్కౌట్స్ అనే కోర్ గెలిచింది మలగేన్యాతో. క్యూబా ఆయన లెకువోనా రాసిన పాట, ఒకే రాగం మళ్లీ మళ్లీ తిరిగొస్తూ వేడెక్కుతుంది, కొత్తవాడికీ రెండోసారికే పట్టుబడుతుంది. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్ వాళ్లు ఖచతూర్యన్ బ్యాలే సంగీతం స్పార్టకస్ తీసుకుని బానిసల తిరుగుబాటు కథగా ఆడారు, బ్లూ డెవిల్స్ కోర్ మీద 0.025 మార్కుల తేడాతో గెలిచారు. కథ సంగీతంలోనే ఉంది, అందుకే కత్తులూ బల్లేలూ అతికించినట్టు అనిపించవు. 1993లో స్టార్ ఆఫ్ ఇండియానా కోర్ మాత్రం బార్బర్, బార్తోక్ అనే స్వరకర్తల కరుకు సంగీతం ఎత్తుకుంది, 0.1 మార్కు తేడాతో రెండో స్థానం. అప్పుడు చాలామంది పెదవి విరిచారు, ఇప్పుడు దాన్నే నెత్తిన పెట్టుకుంటున్నారు. నాకైతే మూడోసారి విన్నాక గానీ ఎక్కలేదు.

మన సంగీతం పెట్టొచ్చా అని బుజ్జి అడిగింది. పెట్టొచ్చు, కాకపోతే ఎంచుకోవాలి. తోడి లాంటి రాగం వద్దు. స్వరాన్ని అంతసేపు ఊపి ఊపి పాడేది మూడు వాల్వుల మీద పలకదు, పలికించబోతే తుప్పు పట్టిన గేటు చప్పుడొస్తుంది. కదనకుతూహలం చూడండి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ రఘువంశ సుధ కట్టింది అందులోనే. స్వరాలు శంకరాభరణానివే, అంటే మీ మేజర్ స్కేలు, కానీ ఎక్కేటప్పుడు స రి మ ద ని గ ప స అని గెంతుతూ పోతాయి. ఆ గెంతులు ట్రంపెట్‌కి పంచదార. మా బ్యాండులోనూ వాయించేవాళ్లం, పెళ్లివారికి పట్టకపోయినా మాకు సరదా.

డ్రమ్ములకి మన ముక్తాయింపు, అదే ఒక జతిని మూడుసార్లు అని ముగించడం, ఇవ్వండి. ఎడమకాలితో మొదలుపెడితే నాలుగు అడుగులకి పదహారు చిన్న మాత్రలు కదా, మొదటిది వదిలేసి తదిగిణతొం, తదిగిణతొం, తదిగిణతొం అనండి. అయిదు మూళ్లు పదిహేను. తర్వాతి దెబ్బ సరిగ్గా ఎడమకాలు పడేచోట పడుతుంది. చూసేవాళ్లకి లెక్క తెలియకపోయినా ఎక్కడికో పోయి ఇంటికి తిరిగొచ్చినట్టు తెలుస్తుంది. హాల్లో ఇద్దరూ నడుస్తూ అనండి, చిన్నిగాడు మూడోసారి తప్పుతాడు, నాకు తెలుసు.

అన్నట్టు, ఎవరి పాటైనా వాడాలంటే హక్కులు అడగాలి, డబ్బు కట్టాలి. సినిమా పాటల మీద ఆశ పెంచుకునే ముందు మీ డైరెక్టర్‌ని అడగండి.

మిగిలిన నాలుగు పాటల్లో 7, 11 నాకు నచ్చాయి. వాటికి మెల్లనిది ఒకటి వెతికి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు పెరట్లో నడుస్తూ నోటితో పాడి వినిపించండి. ఊపిరి ఎక్కడ అందలేదో గీత పెట్టుకోండి. పక్కింటివాళ్లు ఏమైనా అంటే తాతయ్య చెప్పాడనండి.

మీ తాతయ్య