నీలగిరి కొండ ఎక్కే ‘ఎక్స్’ ఇంజన్లు

మెట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే మీటర్ గేజ్ మార్గంలో, కల్లారు దాటిన తరువాత కూనూరు దాకా పట్టాలు 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తాయి. నున్నటి ఉక్కు పట్టాపై నున్నటి ఉక్కు చక్రానికి దొరికే పట్టు, ఎండ కాసే రోజున కూడా, చక్రాలపై పడే బరువులో సుమారు నాలుగో వంతే. అంటే 50 టన్నుల ఇంజను తన బరువంతా నడిచే చక్రాలపైనే మోపినా 12 టన్నుల బలంతో మాత్రమే లాగగలదు; అందులో నాలుగు టన్నులకు పైగా తనను తాను పైకి చేర్చుకోవడానికే సరిపోతుంది. వాన పడి ఆ పట్టు సగానికి తగ్గితే, మిగిలే బలం ఒకటి రెండు పెట్టెలకు మించి చాలదు. నీలగిరిలో వానలకు కొదవ లేదు.

అందుకే స్విస్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ రూపొందించిన పద్ధతిలో, రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు బద్దీలను జంటగా, ఒకదాని పన్ను మరొకదాని సందుకు ఎదురుగా వచ్చేలా అమర్చారు. ఇంజను కింది పళ్లచక్రాలు వీటిని పట్టుకుని ఎక్కుతాయి.

1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరిన ఈ మార్గానికి తొలి ఇంజన్లు మాంచెస్టర్ నుంచి వచ్చాయి. స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ కర్మాగారం 1914 నుంచి సౌత్ ఇండియన్ రైల్వేకు పంపిన ‘ఎక్స్’ తరగతి వాటి స్థానాన్ని ఆక్రమించింది. 1925 నాటికి 12, స్వాతంత్ర్యం తరువాత 1952లో మరో 5, మొత్తం 17 మాత్రమే.

వీటి అసలు తెలివి సిలిండర్లలో ఉంది. కింది రెండు సిలిండర్లు ఎనిమిది మామూలు చక్రాలను తిప్పుతాయి. సమతలంపై వాటి నుంచి వెలువడిన ఆవిరి నేరుగా పొగగొట్టంలోకి పోతుంది. పళ్లబద్దీ మొదలైన చోట డ్రైవరు దానిని పై సిలిండర్లకు మళ్లిస్తాడు. పీడనం తగ్గినా ఇంకా వ్యాకోచించే శక్తి మిగిలి ఉన్న ఆ ఆవిరే పళ్లచక్రాలను నడుపుతుంది. బాయిలరుపై భారం పెంచకుండా, సరిగ్గా అవసరమైన చోటనే అదనపు బలం దొరుకుతుందన్నమాట. మధ్యలో గేర్లు ఉండడం వల్ల పై సిలిండర్లకు కలిపిన కడ్డీలు కింది సిలిండర్ల కడ్డీలకు ఎదురు దిశలో, ఎక్కువ వేగంతో ఆడుతాయి. మొదటిసారి చూసినవారికి యంత్రం చెడిపోయిందనిపించినా ఆశ్చర్యం లేదు.

ఎక్కేటప్పుడు ఇంజను ఎప్పుడూ వాలుకు దిగువ వైపునే ఉండి పెట్టెలను నెడుతుంది. లింకు తెగినా అవి ఇంజనును దాటి జారిపోలేవు. దీనికి తోడు ఒక్కొక్క పెట్టెపై ఒక బ్రేకుమనిషి నిలబడతాడు.

కూనూరు పైన పళ్లబద్దీ లేనందున డీజిల్ ఇంజన్లు పని అందుకున్నాయి. కింది భాగానికి మాత్రం ప్రత్యామ్నాయం దొరకలేదు. తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దంలో కొత్త ఎక్స్ ఇంజన్లనే, మొదట చమురుతో, 2021లో బొగ్గుతో నడిచేలా, తయారు చేసింది.