"సర్వర్‌లో పెట్టేశాం కదా, ఇక అందరికీ కొత్తదే": డాక్స్ బ్రౌజర్ల మీద అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇదే మాట మూడోసారి విన్నాను. "అన్నా, డిప్లాయ్ అయిపోయింది, నా దగ్గర కొత్త పేజీలే వస్తున్నాయి, కానీ కొంతమందికి ఇంకా పాత వెర్షన్ డాక్యుమెంటేషనే కనిపిస్తోందట, కాష్ క్లియర్ చేసుకోమని చెప్పేశాను." ఆ చివరి ముక్క వింటే నాకు ఉండబట్టదు. ఎందుకంటే కాష్ (బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న కాపీలు) క్లియర్ చేసుకోమని మనం చెప్పగలిగేది ఫిర్యాదు చేసినవాళ్లకు మాత్రమే. మిగతావాళ్లు తాము చదువుతున్నది పాత పేజీ అని తెలియక, అందులోని పాత కమాండ్‌ను కాపీ చేసుకుని వెళ్లి తమ సర్వర్‌లో కొట్టేస్తారు.

నా పని డాక్స్ బ్రౌజర్లు కట్టి నడపడం. రకరకాల లైబ్రరీల డాక్యుమెంటేషన్‌ను ఒకచోట చేర్చి, ఒకే సెర్చ్ బాక్స్ పెట్టి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా చేసే వెబ్ యాప్‌లన్నమాట. 2013లో వచ్చిన డెవ్‌డాక్స్ వాడినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఈ పనిలో స్క్రేపర్ (వేరే సైట్ల నుంచి డాక్స్ పేజీలను లాక్కొచ్చే ప్రోగ్రామ్) రాయడం కష్టమనీ, డిప్లాయ్ చేయడం తేలికనీ అందరూ అనుకుంటారు. నన్ను రాత్రుళ్లు కూర్చోబెట్టినవన్నీ డిప్లాయ్ తర్వాత వచ్చినవే.

అపోహ: సర్వర్‌లో ఫైళ్లు మారితే యూజర్‌కి కొత్తవి కనిపిస్తాయి. కనిపించకపోతే కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొడితే సరి.

ముందు ఆ షార్ట్‌కట్ సంగతి. మన సైట్ నెట్ లేకపోయినా తెరుచుకునేది సర్వీస్ వర్కర్ వల్ల, అంటే బ్రౌజర్‌లో ఉండి పేజీ అడిగినవాటికి కాష్‌లోంచి జవాబిచ్చే చిన్న స్క్రిప్ట్. ఆ షార్ట్‌కట్ ఆ ఒక్క లోడ్‌కి మాత్రమే ఈ వర్కర్‌ను పక్కకు నెట్టి సర్వర్ నుంచి తెస్తుంది. కొత్త పేజీ కనిపించగానే "హమ్మయ్య" అనుకుంటాం. మామూలుగా మళ్లీ తెరిచేసరికి పాత వర్కర్ తన కాష్‌లోంచి పాతదే ఇస్తుంది. ఇక "నా దగ్గర బాగానే వస్తోంది" అనేవాళ్ల డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లో డెవలపర్ల కోసం ఉండే ప్యానెల్) ఒకసారి తెరిచి చూడండి, అప్లికేషన్ ట్యాబ్‌లో "అప్‌డేట్ ఆన్ రీలోడ్" టిక్ అయి ఉంటుంది. మన యూజర్లెవరికీ ఆ టిక్ ఉండదు.

అసలు జరిగేది ఇదీ. యూజర్ సైట్ తెరిచినప్పుడు బ్రౌజర్ వర్కర్ ఫైల్‌ను సర్వర్‌లో ఉన్నదానితో పోల్చి చూస్తుంది. ఒక్క బైట్ తేడా ఉన్నా కొత్తదాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంది. కానీ ఇన్‌స్టాల్ అయిన వర్కర్ వెంటనే పనిలోకి దిగదు, వెయిటింగ్‌లో కూర్చుంటుంది. పాత వర్కర్ కింద తెరిచి ఉన్న ట్యాబ్‌లన్నీ మూసేదాకా అక్కడే. రీలోడ్ చేసినా లాభం లేదు, ఎందుకంటే రీలోడ్‌లో కొత్త పేజీ జవాబు వచ్చేదాకా పాత పేజీ బతికే ఉంటుంది. ఇప్పుడు డాక్స్ వాడే మనిషిని తలచుకోండి. ప్రోగ్రామర్లు డాక్స్ ట్యాబ్‌ను పిన్ చేసుకుని వారాల తరబడి మూయరు, నేనూ మూయను. వార్తల సైట్‌కి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు, డాక్స్ బ్రౌజర్‌కి మాత్రం ఇదే ప్రధాన సమస్య.

అలాగని వెయిటింగ్ లేకుండా వెంటనే పనిలోకి దిగమని వర్కర్‌కి చెప్పే స్కిప్‌వెయిటింగ్ అని ఒక్క లైన్ రాసేసి వదిలేయకండి. కొత్త వర్కర్ పగ్గాలు తీసుకుని పాత కాష్‌ను తుడిచేస్తుంది, తెరిచి ఉన్న పేజీలో నడుస్తున్నది మాత్రం పాత కోడే. ఆ కోడ్ కాసేపయ్యాక పాత హాష్ పేరున్న (లోపలి కోడ్ మారితే పేరూ మారే) స్క్రిప్ట్ ముక్కను అడుగుతుంది, అది కాష్‌లోనూ ఉండదు, కొత్త డిప్లాయ్‌లో సర్వర్ మీదా ఉండదు, యూజర్ ముందు తెల్ల పేజీ. నేను చేసేది ఇది: కొత్త వర్కర్ వెయిటింగ్‌లోకి రాగానే పైన చిన్న పట్టీలో "కొత్త వెర్షన్ ఉంది, రీలోడ్ చేయండి" అని చూపిస్తాను. యూజర్ నొక్కినప్పుడే వర్కర్‌కి మెసేజ్ పంపి, అది పగ్గాలు తీసుకున్నాక పేజీని రీలోడ్ చేస్తాను. పాత హాష్ ఫైళ్లను కూడా సర్వర్ నుంచి కొన్ని వారాలు తీయను.

ఇంకో సంఘటన చెప్పాలి. ఒక టీమ్ ఈ గొడవంతా విసుగొచ్చి సర్వీస్ వర్కరే వద్దనుకుంది. రిజిస్టర్ చేసే కోడ్ తీసేశారు, సర్వర్ మీద వర్కర్ ఫైల్‌ను డిలీట్ చేశారు, అయిపోయిందనుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఒక యూజర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో, ఎప్పుడో తీసేసిన ఆప్షన్ ఒకటి డాక్స్‌లో నిక్షేపంగా కనిపిస్తోంది. నన్ను పిలిచారు. ఆ యూజర్ స్క్రీన్ షేర్ చేస్తే నెట్‌వర్క్ ట్యాబ్‌లో వర్కర్ ఫైల్ వరుస దగ్గర ఆగాం. స్టేటస్ 200. టైప్ చూస్తే జావాస్క్రిప్ట్ కాదు, హెచ్‌టీఎంఎల్. సింగిల్ పేజ్ యాప్ (ఒకే పేజీ మీద నడిచే యాప్) కదా, లేని ఏ పాత్ అడిగినా ఇండెక్స్ పేజీ, అంటే ఆ మొదటి పేజీనే, ఇవ్వమని సర్వర్‌కి చెప్పి ఉంచారు, కాబట్టి డిలీట్ అయిన ఫైల్ అడిగినా ఇండెక్స్ పేజీయే వెళ్తోంది. బ్రౌజర్ "ఇది స్క్రిప్ట్ కాదు" అని అప్‌డేట్‌ను తిరస్కరించి పాత వర్కర్‌తోనే కాలం గడుపుతోంది. మానిటరింగ్‌లో అంతా పచ్చగానే ఉంది. నిజానికి 404 (ఫైల్ లేదనే జవాబు) వచ్చి ఉన్నా పాత వర్కర్ పోయేది కాదు, ఫైల్ దొరకకపోతే అప్‌డేట్ ఫెయిలవుతుంది తప్ప రిజిస్ట్రేషన్ రద్దు కాదు.

ఆ పని చేసిన అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది, అందరికీ తప్పుడు డాక్స్ చూపించింది తనేనని కుంగిపోయాడు. అతని తప్పేమీ లేదు. ఫైల్ తీసేస్తే అది ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు, వెబ్‌లో మిగతావన్నీ అలాగే పనిచేస్తాయి మరి. పరిష్కారం అదే పాత్‌లో, అదే పేరుతో దాదాపు ఖాళీ వర్కర్ ఒకటి పెట్టడం. ఇన్‌స్టాల్ అవగానే వెయిటింగ్ దాటేస్తుంది, యాక్టివేట్ అవగానే కాష్‌లన్నీ తుడిచి, తనను తాను అన్‌రిజిస్టర్ చేసుకుని, తెరిచి ఉన్న ట్యాబ్‌లను రీలోడ్ చేయిస్తుంది. ఇరవై లైన్లు కూడా ఉండదు.

ఇది యాప్ సంగతి. డాక్స్ కంటెంట్ ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్‌లో) వేరుగా ఉంటుంది, దానికి వర్కర్ అప్‌డేట్‌తో సంబంధమే లేదు. ప్రతి డాక్‌కీ ఒక టైమ్‌స్టాంప్ పంపి, యూజర్ దగ్గరున్నదానితో పోల్చి, మారితేనే మళ్లీ డౌన్‌లోడ్ చేయించాలి. డెవ్‌డాక్స్ తన జాబితాలో ప్రతి డాక్ పక్కనా మార్పు సమయాన్ని పంపేది ఇందుకే. సెర్చ్ ఇండెక్స్‌నూ పేజీలనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (రాస్తే అన్నీ, లేదా ఏదీ కాదు అన్నట్టు) రాయండి. సగంలో నెట్ పోయి ఇండెక్స్ కొత్తదీ పేజీలు పాతవీ మిగిలితే, సెర్చ్‌లో పేరు కనిపిస్తుంది, నొక్కితే పేజీ ఉండదు. యూజర్ అప్పుడు మన సెర్చ్‌ను తిట్టుకుంటాడు.

అపోహ: వర్కర్ ఫైల్‌కి పొరపాటున ఏడాది మ్యాక్స్-ఏజ్ పెడితే ఏడాది ఇరుక్కుపోయినట్టే.

మ్యాక్స్-ఏజ్ అంటే ఫైల్‌ను ఎంతకాలం మళ్లీ అడగకుండా కాష్‌లోంచి వాడుకోవచ్చో సర్వర్ చెప్పే గడువు. ఈ పుకారు ఎంతమందిని భయపెట్టిందో లెక్కలేదు. దయచేసి ఇక ఆపండి. 24 గంటలు దాటితే కాష్‌ను పక్కనపెట్టి సర్వర్‌నే అడగాలని స్టాండర్డ్‌లోనే ఉంది, పైగా క్రోమ్ 2018లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి వర్కర్ ఫైల్ కోసం హెచ్‌టీటీపీ కాష్‌ను చూడటమే మానేసింది. అసలు ప్రమాదం ఇండెక్స్ పేజీకి పొడవైన మ్యాక్స్-ఏజ్ పెట్టడంలో ఉంది. దానికి నో-కాష్ పెట్టండి, హాష్ పేర్లున్న ఫైళ్లకు ఏడాది పెట్టండి. నో-కాష్ అంటే దాచుకోవద్దని కాదు, వాడేముందు ఒకసారి అడగమని. ఏమీ మారకపోతే 304 (మారలేదనే జవాబు) వస్తుంది, ఫైల్ మళ్లీ దిగదు.

అపోహ: ఒకసారి ఆఫ్‌లైన్‌కి దింపుకుంటే శాశ్వతం.

కాదు. డిస్క్ నిండితే బ్రౌజర్ తుడిచేయొచ్చు. సఫారీ అయితే 2020 నుంచి, సఫారీ వాడిన ఏడు రోజుల్లో మన సైట్‌ను ఒక్కసారీ ముట్టుకోకపోతే స్క్రిప్ట్‌లు దాచిన డేటా తీసేస్తుంది. హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్న యాప్‌కి ఆ బాధ లేదు. డేటాను తుడవొద్దని బ్రౌజర్‌ను కోరే పర్సిస్ట్ అడగండి, అయినా పోతుందనే లెక్కతో కోడ్ రాయండి.

అపోహ: ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో (పేజీలోకి హెచ్‌టీఎంఎల్‌ను నేరుగా చేర్చే పద్ధతితో) పెడితే స్క్రిప్ట్‌లు నడవవు, కాబట్టి స్క్రేప్ చేసిన పేజీ సురక్షితం.

స్క్రిప్ట్ ట్యాగ్ నడవదు, నిజమే. ఇమేజ్ ట్యాగ్‌లోని ఆన్‌ఎర్రర్ (బొమ్మ రాకపోతే నడవమని రాసిన కోడ్) మాత్రం చక్కగా నడుస్తుంది. స్క్రేపర్‌లోనే శుభ్రం చేయండి.

మిగతావి గబగబా. డాక్యుమెంటేషన్ ఓపెన్‌గా ఉంటే ఎలాగైనా వాడుకోవచ్చనుకోవద్దు, పీహెచ్‌పీ మాన్యువల్ సీసీ బై 3.0 అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది, పేరు చెప్పి తీరాలి, ప్రతి డాక్ కింద లైసెన్స్ చూపించండి. గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్‌హబ్ ఇచ్చే వెబ్ హోస్టింగ్‌లో) డాక్స్ తయారుచేసే స్ఫింక్స్ అవుట్‌పుట్‌ను బ్రాంచ్ నుంచి పెడితే స్టైల్స్ అన్నీ పోయాయని కంగారుపడేవాళ్లకు: అక్కడ సైట్‌ను బిల్డ్ చేసే జెకిల్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను వదిలేస్తుంది, డాట్-నోజెకిల్ అనే ఖాళీ ఫైల్ పెట్టండి, మీ బిల్డ్‌లో తప్పేమీ లేదు. మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్న పేజీ సర్వర్‌లో 404 అంటే ముందు ఫైల్ పేర్లలో పెద్ద బడి చిన్న బడి అక్షరాలు చూడండి, లినక్స్‌కి అవి వేరు వేరు.

డిప్లాయ్ అంటే టెన్షన్ పడేవాళ్లు ఒక పని చేయండి. కొత్త బ్రౌజర్ ప్రొఫైల్‌లో పాత వెర్షన్‌ను రెండు ట్యాబ్‌లలో తెరిచి, ఒక డాక్‌ను ఆఫ్‌లైన్‌కి దింపుకుని, డెవ్‌టూల్స్ ముట్టుకోకుండా కొత్తది డిప్లాయ్ చేయండి. అప్పుడు ఆ రెండు ట్యాబ్‌లలో ఏం జరుగుతుందో చూడండి. పావుగంట పని, నేను ప్రతి రిలీజ్‌కీ చేస్తాను.

ఆ టీమ్ పెట్టిన ఖాళీ వర్కర్ ఫైల్ ఇప్పటికీ అక్కడే ఉంది. తీయొద్దని నేనే చెప్పాను. మొన్న లాగ్స్ చూస్తే దానికి ఇంకా రిక్వెస్టులు వస్తూనే ఉన్నాయి.