బ్యారెల్ ఫ్లోటింగ్, బెడ్డింగ్: అపోహలు - వాస్తవాలు

గ్రూప్ (వరసగా కొట్టిన షాట్లు టార్గెట్ మీద పడ్డ గుంపు) కాస్త విచ్చుకుంటే చాలు, "బ్యారెల్ ఫ్లోట్ చేయించు, బెడ్డింగ్ చేయించు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షూటింగ్ రేంజిలోనూ ఉంటారు. ఆ మాట పట్టుకుని స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) చెక్కేసుకుని, ఆ తర్వాత రైఫిల్ తెచ్చి నా బెంచీ మీద పెట్టేవాళ్లూ ఉంటారు. వాటిలో కొన్నిటికి ఆ పని నిజంగా అవసరమే. ఇంకొన్నిటికి స్కోప్ మౌంట్ స్క్రూ ఒక్కటి బిగించి ఉంటే సరిపోయేది. బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల స్టాక్ పని చేసేవాడిగా నాకు తరచూ వినబడే మాటలు కొన్ని, వాటి వెనక అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు ముక్కల్లో. రిసీవర్ (బోల్ట్ కదిలే, బ్యారెల్ బిగించే ఉక్కు భాగం; బోల్ట్‌తో కలిపి యాక్షన్ అంటారు) దాటాక బ్యారెల్ స్టాక్‌కి ఎక్కడా తగలకుండా చేయడం ఫ్లోటింగ్. రిసీవర్ స్టాక్‌లో ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా, మెలిపడకుండా కూర్చునేలా చేయడం బెడ్డింగ్. ఈ రెండూ రైఫిల్‌కి కొత్తగా గురి తెచ్చిపెట్టవు. బ్యారెల్‌కి, తూటాకి ఉన్న సత్తాని స్టాక్ చెడగొట్టకుండా చూస్తాయి, అంతే.

అపోహ: బ్యారెల్ ఫ్లోట్ చేస్తే ఏ రైఫిలైనా బాగా కొడుతుంది.

వాస్తవం: చాలా రైఫిళ్లు బాగుపడతాయి. అన్నీ కాదు.

మందు అంటుకున్నాక బుల్లెట్ మజిల్ (బ్యారెల్ కొస) దాటడానికి సెకనులో వెయ్యోవంతు కంటే కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలోనే బ్యారెల్ వంగుతుంది, కంపిస్తుంది. కంపించడం తప్పేమీ కాదు, ఏ బ్యారెలైనా కంపిస్తుంది. ప్రతి షాట్‌కీ ఒకేలా కంపిస్తే బుల్లెట్ కూడా ఒకే చోటికి వెళ్తుంది. చెక్క స్టాక్ తేమకి ఉబ్బి బ్యారెల్‌కి ఒక పక్క ఆనుకుందనుకోండి, లేదా నాలుగైదు షాట్లకి వేడెక్కిన బ్యారెల్ చెక్కని ఒరుసుకోవడం మొదలుపెట్టిందనుకోండి, కంపనం తీరు మారుతుంది, దెబ్బ తగిలే చోటూ మారుతుంది. ఎండాకాలం జీరో చేసిన (గురి సరిచేసుకున్న) రైఫిల్ వానాకాలం వచ్చేసరికి పక్కకి కొట్టడానికి ఎక్కువగా ఇదే కారణం. ఫ్లోటింగ్ ఈ గొడవని మొదలంటా తీసేస్తుంది.

అయితే సన్నటి బ్యారెల్ ఉన్న వేట రైఫిళ్లలో కొన్నిటికి ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే స్టాక్ ముందు భాగం) కొస దగ్గర చిన్న దిమ్మె ఉంటుంది. అది బ్యారెల్‌ని కింది నుంచి పైకి నొక్కుతూ ఉంటుంది. రెమింగ్టన్ 700 చెక్క స్టాకుల్లో చాలామంది దాన్ని ఫ్యాక్టరీ తప్పు అనుకుని గీకేస్తారు. అది కావాలని పెట్టింది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌లో అయితే ఫోరెండ్ కొస బ్యారెల్‌ని సుమారు ఒకటి నుంచి మూడు కిలోల బలంతో పైకి ఎత్తిపట్టాలన్నది ఆర్మరర్ల లెక్క. అలాంటి రైఫిల్‌ని గుడ్డిగా ఫ్లోట్ చేస్తే గ్రూప్ విచ్చుకోవచ్చు కూడా.

అందుకే ఉలి పట్టుకునే ముందు పరీక్ష చేయాలి. రిసీవర్ కింద, దాన్ని స్టాక్‌కి బిగించే రెండు యాక్షన్ స్క్రూల దగ్గరా, ఒకే మందం ఉన్న పలుచటి వాషర్లు పెట్టి బిగిస్తే బ్యారెల్ చానెల్ (స్టాక్‌లో అది పడుకునే గాడి) నుంచి పైకి లేస్తుంది. స్క్రూల మరలు సరిపడా పడుతున్నాయో లేదో, రికాయిల్ లగ్ (తన్నుని స్టాక్‌కి అందించే ఉక్కు పలక) ఇంకా తన గాడిలో ఆనుతోందో లేదో చూసుకుని ఒకటి రెండు గ్రూపులు కొట్టి చూడండి. గ్రూప్ దగ్గరపడితే ఫ్లోటింగ్ పనికొస్తుందన్నమాట. లేదంటే వాషర్లు తీసేస్తే రైఫిల్ మళ్లీ మునుపటిలాగే ఉంటుంది, చెక్క పోలేదు. ఇప్పటికే ఫ్లోట్ అయి ఉన్న సన్నటి బ్యారెల్ మొండికేస్తుంటే దీనికి ఎదురు పరీక్ష ఉంది: ఫోరెండ్ కొస దగ్గర, బ్యారెల్ కింద, పాత ప్లాస్టిక్ కార్డు ముక్కలు రెండు మూడు దోపి కొట్టి చూడడం. తీసేసిన చెక్కని తిరిగి అతికించలేం కాబట్టి ఈ క్రమం తప్పొద్దని చెప్తాను.

అపోహ: కాగితం దూరితే ఫ్లోట్ అయినట్టే.

వాస్తవం: కాగితం మందం మిల్లీమీటరులో పదోవంతు. రైఫిల్ బెంచీ మీద ఖాళీగా పడుకుని ఉన్నప్పుడు ఆ సందు సరిపోయినట్టే కనిపిస్తుంది. బైపాడ్ (రెండు కాళ్ల ఊత) మీద పెట్టి ముందుకు ఆనుకుంటే, లేదా స్లింగ్ బిగించి లాగితే, ఫోరెండ్ వంగి ఆ సందు మూసుకుపోతుంది. అచ్చు పోసిన ప్లాస్టిక్ స్టాకులతో ఇది మరీ ఎక్కువ. బ్యారెల్‌నీ ఫోరెండ్ కొసనీ కలిపి చేత్తో పిసికి చూడండి, కొన్ని ప్లాస్టిక్ స్టాకులు ఇట్టే వచ్చి తగులుతాయి. నేనైతే చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు వదులుతాను. పక్కల్లోనూ అంతే ఉండాలి. చూడ్డానికి సందు ఎంత సన్నగా ఉంటే పనితనం అంత గొప్పగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సన్నటి సందులో ఒక ఇసుక రేణువో ఎండుటాకు ముక్కో ఇరుక్కుంటే చేసిందంతా వృథా.

అపోహ: బెడ్డింగ్ అంటే ఖాళీలన్నీ ఎపాక్సీతో (కలిపాక గట్టిపడే జిగురుతో) నింపేయడం.

వాస్తవం: ఎక్కువ రైఫిళ్లు పాడయ్యేది ఇక్కడే. ఏం నింపాలన్న దానికంటే ఏం నింపకూడదన్నది తెలియడమే ఈ పనిలో అసలు విద్య.

రికాయిల్ లగ్ సంగతి తీసుకోండి. రిసీవర్ ముందు భాగంలో కిందికి దిగి ఉండే ఉక్కు పలక అది. పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా దాని వెనక ముఖం మీదుగా స్టాక్‌లోకి వెళ్తుంది. కాబట్టి వెనక ముఖం ఎపాక్సీకి నిండుగా ఆనాలి. ముందు ముఖానికి, రెండు పక్కలకి, అడుగుకి మాత్రం టేప్ అంటిస్తాం. ఎపాక్సీ గట్టిపడ్డాక టేప్ తీసేస్తే ఆ మేరకు సందు మిగులుతుంది. అడుగు ఆనిందంటే రిసీవర్ ముందు భాగం లగ్ మీద ఊగుతుంది. అన్ని పక్కలా బిగుతుగా పట్టిందంటే విప్పి బిగించిన ప్రతిసారీ అంచుల్లో ఎపాక్సీ పొట్టు రాలుతుంది, ఆ పొట్టు లగ్ కిందికి చేరుతుంది.

తర్వాతది ఒత్తిడి. ఎపాక్సీ తడిగా ఉన్నప్పుడు యాక్షన్ స్క్రూలు గట్టిగా బిగించి వదిలేస్తే, రిసీవర్ ఆ క్షణాన ఎంత వంగి ఉందో అంత వంపునీ ఎపాక్సీ అచ్చు తీసుకుంటుంది. ఆ పైన జీవితాంతం ఆ వంపులోకే రిసీవర్‌ని లాగుతూ ఉంటారు. అందుకే స్క్రూల బదులు తలల్లేని పిన్నులు వాడతాం. అవి రిసీవర్ దారి తప్పకుండా చూస్తాయి, కిందికి లాగవు. బ్యారెల్‌కి ఫోరెండ్ కొస దగ్గర టేప్ చుట్లు చుట్టి చానెల్ మధ్యలో నిలబెడతాం. వెనక టాంగ్ (రిసీవర్ తోక), ముందు టేప్ చుట్టు, ఈ రెండిటి మీదా రిసీవర్ తన బరువుతో తాను కూర్చోవాలి. మహా అయితే చేత్తో మెల్లగా అదమడం, పైన ఎలాస్టిక్ పట్టీ ఒకటి.

ఇక అందరూ భయపడే ప్రమాదం, రైఫిల్ స్టాక్‌లోనే అతుక్కుపోవడం. రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ అంటకుండా పూసే మైనం లాంటిది) పూశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. అది అతుక్కోకుండా కాపాడుతుంది గానీ, ట్రిగ్గర్ పిన్ను రంధ్రంలోకో, మ్యాగజైన్ గాడిలోకో దూరి గట్టిపడిన ఎపాక్సీ గడియ వేసినట్టు పట్టేస్తే ఏ మైనమూ కాపాడలేదు. ప్రతి రంధ్రాన్నీ, ప్రతి గాడినీ ముందే మోడలింగ్ క్లేతో మూసి, రిసీవర్ వాలుకి సమంగా చదును చేయాలి. ఈ తయారీకే సగం రోజు పోతుంది. ఎపాక్సీ కలిపి పూయడం పదిహేను నిమిషాల పని. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు.

అపోహ: స్క్రూలు ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: ఉత్త చెక్క స్టాక్‌లో ఎక్కువ బిగిస్తే చెక్క నలిగి అణుగుతుంది. మర్నాటికి స్క్రూ వదులైనట్టు కనిపిస్తుంది, మళ్లీ బిగిస్తారు, ఇంకాస్త అణుగుతుంది. తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అదే పాటించండి. లేకపోతే నేను పిల్లర్లు (స్క్రూ చుట్టూ స్టాక్‌లో దిగే లోహపు గొట్టాలు) లేని చెక్కకి 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు, పిల్లర్లు గానీ అల్యూమినియం బ్లాక్ గానీ ఉంటే సుమారు 7 దగ్గర ఆగుతాను. అంకె కంటే ముఖ్యం అది ప్రతిసారీ ఒకటే కావడం. చేతి అంచనా మీద ఆ నమ్మకం ఉండదు కాబట్టి టార్క్ రెంచ్ తప్పనిసరి. మూడు స్క్రూలుండే పాత వించెస్టర్ మోడల్ 70 లాంటి వాటిలో మధ్య స్క్రూని ఆనేదాకా తిప్పి వదిలేయాలి. దాన్ని కూడా బిగిస్తే రిసీవర్ నడుము వంగుతుంది.

బెడ్డింగ్ బాగుందో లేదో కంటితో తేల్చలేం, కొలవాలి. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూసుకుని రైఫిల్‌ని వైస్‌లో నిలబెట్టండి. ఫోరెండ్ కొసకి డయల్ ఇండికేటర్ (సన్నటి కదలికని కొలిచే పరికరం) బిగించి, దాని కొన బ్యారెల్‌కి ఆనేలా పెట్టండి. ముందు స్క్రూని మెల్లగా వదులు చేస్తూ డయల్ చూడండి. మిల్లీమీటరులో వందో వంతులు ఓ అయిదు దాటకుండా కదిలితే బెడ్డింగ్ బాగున్నట్టే. ముల్లు గిర్రున తిరిగిందంటే స్క్రూ బిగింపుతో రిసీవర్ వంగుతోందన్నమాట. ఎవరు చేసిన బెడ్డింగైనా ఈ పరీక్షకి నిలబడాలి. మెరిసే ఎపాక్సీని ఫొటో తీసి చూపిస్తే నేను ఒప్పుకోను.

అపోహ: పిల్లర్లో, అల్యూమినియం చాసిస్సో (రిసీవర్ కూర్చునే లోహపు చట్రం) ఉంటే ఇక బెడ్డింగ్ మాటే అక్కర్లేదు.

వాస్తవం: పిల్లర్ పని చెక్క నలగకుండా స్క్రూ బలాన్ని మోయడం. రిసీవర్ ఆకారానికి తగ్గ పడక ఇవ్వడం దాని పని కాదు. పిల్లర్ కొసల మీద రిసీవర్ వాటంగా కూర్చోవాలంటే వాటి మీదా పలుచటి ఎపాక్సీ పొర ఉంటే మంచిది. చాసిస్‌ల సంగతి వేరు. మంచి మెషినింగ్ ఉన్న చాసిస్‌లో ఎక్కువ రైఫిళ్లకి ఏమీ చేయనక్కర్లేదు. 1980ల్లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఎల్96 రైఫిల్‌లో యాక్షన్ అల్యూమినియం చాసిస్ మీదే కూర్చుంటుంది, ప్లాస్టిక్ స్టాక్ పక్కలు దానికి తొడుగు మాత్రమే. కానీ చాసిస్ వంపు లేకుండా ఉన్నా రిసీవర్ కూడా అలాగే ఉండాలని లేదు. పైన చెప్పిన డయల్ పరీక్ష ఇక్కడా చేయండి. ముల్లు కదిలితేనే పలుచటి పొర వేయండి.

అపోహ: ఒక రైఫిల్‌కి చేసిన పద్ధతే అన్నిటికీ.

వాస్తవం: శావేజ్ 110 జాతి రైఫిళ్లలో వెనక టాంగ్ స్టాక్‌కి తగలకూడదు, దాన్ని కూడా ఫ్లోట్ చేయాలి. టిక్కా టీ3లో లగ్ రిసీవర్‌కి ఉండదు, స్టాక్‌లో ఉంటుంది, రిసీవర్ గాడి దాని మీద కూర్చుంటుంది. రూగర్ ఎం77లో ముందు స్క్రూ ఏటవాలుగా దిగుతుంది, బిగించే క్రమమే మారిపోతుంది. ఒక దాని వీడియో చూసి ఇంకో దానికి చేయొద్దు.

అపోహ: పని అయ్యాక మూడు షాట్ల గ్రూప్ ఒకటి చిన్నదొస్తే బాగుపడినట్టే.

వాస్తవం: ఒకే రైఫిల్, ఒకే తూటా, ఏమీ మార్చకుండా కొట్టినా మూడు షాట్ల గ్రూపులు ఒకసారి చిన్నగా, ఒకసారి దానికి రెట్టింపుగా వస్తాయి. అది లెక్కల స్వభావం. పది షాట్ల గ్రూప్ సగటున మూడు షాట్ల గ్రూప్‌కి సుమారు 1.6 రెట్లు ఉంటుంది, రైఫిల్ చెడిపోయి కాదు. బెడ్డింగ్‌కి ముందు ఐదు షాట్ల గ్రూపులు నాలుగైనా, తర్వాత అదే తూటాతో మళ్లీ నాలుగైనా కొట్టి పోల్చండి. వంద మీటర్ల దగ్గర ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే 29 మిల్లీమీటర్లు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకి పండగ చేసుకోవద్దు.

గ్రూప్ సైజు కంటే గ్రూప్ ఆకారం ఎక్కువ చెప్తుంది. ఒకే టార్గెట్ మీద రెండు విడి గుంపులు కనిపిస్తే రిసీవర్ రెండు చోట్లకి మారి కూర్చుంటోందని అనుమానించాలి. స్కోప్ కూడా అదే వేషం వేస్తుంది కాబట్టి ముందు దాన్ని మార్చి చూడండి. బ్యారెల్ వేడెక్కేకొద్దీ షాట్లు ఒకే దిక్కుకి నడుస్తున్నాయంటే ఎక్కడో తగులుతోంది. ఎక్కడా తగలడం లేదు, బెడ్డింగ్ కూడా బాగుంది, అయినా నడుస్తోందంటే బ్యారెల్ ఉక్కులోనే ఒత్తిడి మిగిలిపోయి ఉంటుంది. దానికి స్టాక్‌లో మందు లేదు.

అపోహ: పాయింట్ 22 రైఫిల్‌కి తన్నే లేదు, దానికి బెడ్డింగ్ ఎందుకు?

వాస్తవం: తన్ను తక్కువే. కానీ దాని బుల్లెట్ నెమ్మదిగా కదులుతుంది, బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. ఆ సమయమంతా రైఫిల్ కదలిక దాని మీద పనిచేస్తూనే ఉంటుంది. 50 మీటర్ల పోటీల షూటర్లు యాక్షన్ స్క్రూ టార్క్‌ని కొంచెం కొంచెం మారుస్తూ పరీక్షించేది ఊరికే కాదు.

అపోహ: ఒకసారి చేయిస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: ఎపాక్సీ చాలాకాలం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న చెక్క మారుతుంది. చానెల్ గీకినప్పుడు బయటపడిన పచ్చి చెక్కకి వార్నిష్ గానీ ఆయిల్ గానీ పట్టించకుండా వదిలేస్తే తేమ నేరుగా లోపలికి వెళ్తుంది. తడి అవ్వడానికి అదే చోటు, వంకర తిరగడానికీ అదే. తుపాకీ నూనె ఎక్కువగా పోసి, మజిల్ పైకి పెట్టి నిలబెట్టి దాచేవాళ్ల రైఫిళ్లలో ఆ నూనె రిసీవర్ వెనక చెక్కలోకి దిగి మెత్తబరుస్తుంది. శుభ్రం చేశాక మజిల్ కిందికి పెట్టి ఆరనివ్వండి, స్టాక్ విప్పినప్పుడల్లా లగ్ గాడి తుడవండి, బిగించేటప్పుడు రైఫిల్‌ని నిటారుగా నిలబెట్టి బట్‌ని (స్టాక్ వెనక చివరని) నేలకి మెల్లగా తట్టండి. లగ్ వెనక ముఖం స్టాక్‌కి ఆని కూర్చున్నాకే స్క్రూలకి టార్క్ పెట్టండి, ముందుది మొదట.