కనబడినన్నే ఉన్నట్టా? అడవి జంతువుల లెక్కపై అపోహలు – వాస్తవాలు

నల్లమల అంచుల్లోనూ, కర్నూలు, అనంతపురం జిల్లాల గుట్టల్లోనూ, మెట్టపొలాల్లోనూ అడవి జంతువులను లెక్కించే పనిలో నాకు పద్నాలుగేళ్లు గడిచాయి. ఈ పద్నాలుగేళ్లలో ఏ సంవత్సరమూ తప్పకుండా, వేరుశనగ పీకే రోజుల్లోనో, శనగ కాయ పట్టే రోజుల్లోనో, ఒక ఫోను వస్తుంది. ఊరు మారుతుంది, గొంతు మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. "సార్, మా పక్క అయిదు పులులు దిగినాయంట గదా, నిజమేనా?" మా సీమలో చిరుతను కూడా పులి అనే అంటారు కాబట్టి, ముందు అది ఏ జంతువో తేల్చుకోవడానికే కొంత సమయం పడుతుంది. ఆ తరువాత అయిదు అనే అంకె ఎక్కడ నుంచి వచ్చిందని అడుగుతాను. అయిదు ఊళ్లలో కనబడింది కాబట్టి అయిదు అని సమాధానం వస్తుంది.

అపోహ: ఎన్నిచోట్ల కనబడితే అన్ని జంతువులు ఉన్నట్టు, కనబడకపోతే లేనట్టు.

నేను ఎదుర్కొన్న అపోహలన్నింటిలోనూ జనానికి అత్యంత ఖరీదుగా పరిణమించేది ఇదే. అందుకే ముందు దీని గురించి వివరంగా రాసి, మిగతావాటిని చివర త్వరగా ముగిస్తాను.

కొన్నేళ్ల కిందట అనంతపురం జిల్లా పశ్చిమాన, చిరుతలూ ఎలుగుబంట్లూ రెండూ తిరిగే ఒక రాళ్లగుట్టల వరుస పక్కన, ఎనిమిది రోజుల వ్యవధిలో అయిదు ఊళ్లవారు చిరుతను చూశామని చెప్పారు. వాట్సాప్‌లో అయిదు కాస్తా తొమ్మిది అయింది. వాటిలో రెండింటి వెంట పిల్లలు కూడా ఉన్నాయని ఎవరో చేర్చారు. రాత్రి కాపలాకు పోయేవారు లేక పందులు వేరుశనగ చేలను తవ్వి పోశాయి. కూలీలు పొద్దు వాలకముందే ఇళ్లకు మళ్లారు. ఒక గొర్రెల కాపరి నలభై జీవాలను దళారి అడిగిన ధరకే వదులుకున్నాడు. ఆ తరువాత మేము గుట్టల చుట్టూ పన్నెండు చోట్ల, చోటుకు రెండేసి కెమెరా ట్రాప్‌లు (జంతువు ముందుకు రాగానే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు) ఎదురెదురుగా కట్టి ఇరవై నాలుగు రాత్రులు ఉంచాము. చిరుత పదిహేడు సార్లు ఫొటోలో పడింది. పదిహేడింటిలోనూ ఎడమ తొడ మీద మూడు నల్లమచ్చలు పొయ్యిరాళ్లు పేర్చినట్లు ఒకే తీరున ఉన్నాయి. ఉన్నది ఒక్కటే, అదీ ఆడచిరుత.

ఆ ఫొటోలను పంచాయతీ కార్యాలయంలో బల్ల మీద వరుసగా పరచి చూపించినప్పుడు, గొర్రెలు అమ్ముకున్న ఆ కాపరి ఒక్కొక్క ఫొటోలో మచ్చల మీద వేలు పెట్టి పోల్చుకుంటూ చివరిదాకా వచ్చి, "ఇదే మాట నెల ముందు చెప్పింటే ఏం పోయేది సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. భయపడినవారిని నేను ఎన్నడూ తప్పుపట్టను; చీకట్లో మంద పక్కన పడుకునేది వారే, నేను కాదు. చూడకుండానే తొమ్మిది అని ఫోనులో పంపినవారి మీదనే నా కోపమంతా.

ఒక చిరుత అయిదు ఊళ్లలో కనబడటంలో వింత ఏమీ లేదు. దాని సంచార ప్రాంతం పదుల చదరపు కిలోమీటర్లు ఉంటుంది; ఒక్క రాత్రిలోనే అనేక కిలోమీటర్లు నడుస్తుంది. మన ఊళ్ల మధ్య దూరం మూడు, నాలుగు కిలోమీటర్లకు మించదు. దానికి తోడు సగం సందర్భాల్లో జనం చూసింది దుమ్ములగొండినో, నక్కనో, అడవిపిల్లినో అయి ఉంటుంది. అడుగు చూస్తే కొంతవరకు తెలుస్తుంది: కుక్కజాతి జంతువుల అడుగులో గోళ్ల గుర్తులు సాధారణంగా పడతాయి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడవు.

ఇదే అపోహకు రెండో ముఖం కూడా ఉంది. కనబడకపోతే లేదనుకోవడం. దీనికి మన ప్రాంతంలోని కలివికోడి కంటే మంచి సాక్ష్యం మరొకటి లేదు. 1900లో అనంతపురం ప్రాంతంలో నమోదైన తరువాత ఈ పక్షి శాస్త్రవేత్తలకు కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అన్వేషణలో, ఒక స్థానిక వేటగాడి సాయంతో అది మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షిని పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాతి పరిశోధకులు దాన్ని కంటితో చూడాలని పట్టుబట్టలేదు. పొదల మధ్య మెత్తటి మట్టిపట్టీలు పరచి తెల్లవారి వాటి మీద అడుగులు వెతికారు, సంధ్యవేళ దాని కూతను టేపులో వినిపించి బదులు కోసం చెవులు రిక్కించారు.

ఈ పాఠం నేను కూడా దెబ్బ తిని నేర్చుకున్నదే. రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది కానీ, ఇవాళ అక్కడ మందలుగా కనిపించేది కృష్ణజింక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ చుట్టుపక్కల గడ్డిభూముల్లో ఫిబ్రవరిలో జింకలను లెక్కించాను. గడ్డి ఎండి, పశువులు మేసి, నేల నున్నగా ఉంది. అరకిలోమీటరు అవతల పడుకున్న జింక చెవులు కూడా కనబడ్డాయి. రెండో లెక్క అక్టోబరులో పడింది. వానలు బాగా కురిసి గడ్డి నడుము దాకా ఎదిగింది. అంకె దాదాపు సగానికి పడిపోయింది. నేను ఆలోచించకుండా ఆ రెండు అంకెలనూ ఒక విలేకరికి చెప్పాను. మర్నాటి పత్రికలో జింకలు సగం తగ్గాయని, వేట జరుగుతోందని వచ్చింది. ఊళ్లలో అనుమానమంతా సంచార గొర్రెల కాపరుల మీద పడింది. రెండు మందలను ఆ దారిన రానివ్వలేదు. మరుసటి ఫిబ్రవరిలో అదే దారిలో, అదే వేళకు నడిచి చూస్తే అంకె దాదాపు మొదటి ఏడాది లాగే ఉంది. మారింది జింకలు కాదు, గడ్డి.

అందుకే నేటి లెక్కింపు పద్ధతులన్నీ కనబడినవాటితో ఆగిపోవు, కనబడకుండా తప్పిపోయినవి ఎన్ని అనే ప్రశ్నకు కూడా సమాధానం వెతుకుతాయి. శాకాహార జంతువులకు ట్రాన్సెక్ట్ లైను మీద, అంటే లెక్క కోసం ముందే గుర్తించుకున్న తిన్నని దారి మీద నడుస్తాం. జంతువు కనబడగానే ఎన్ని ఉన్నాయో రాసుకోవడంతో పాటు, రేంజ్‌ఫైండర్‌తో దూరమూ, కంపాసుతో కోణమూ తీసుకుంటాం. లైనుకు దగ్గరగా ఉన్నవి దాదాపు అన్నీ కనబడతాయి. దూరం పెరిగేకొద్దీ తప్పిపోయేవి పెరుగుతాయి. ఆ తగ్గుదల ఎంత వేగంగా ఉందో తెలిస్తే, తప్పిపోయినవాటిని గణించవచ్చు. ఎత్తయిన గడ్డిలో తగ్గుదల వేగంగా ఉంటుంది, మేసిన బీడులో నెమ్మదిగా ఉంటుంది. ఆ అక్టోబరులో నేను దూరాలు రాసుకుని ఉంటే ఆ వార్త పుట్టేదే కాదు.

పులులకూ చిరుతలకూ మరో దారి. చారలైనా మచ్చలైనా ఏ రెండు జంతువులకూ ఒకే తీరున ఉండవు. ఒకే జంతువుకు కుడి పక్క, ఎడమ పక్క కూడా వేరుగా ఉంటాయి కాబట్టే కెమెరాలను జతగా కడతాం. ఆ తరువాతి లెక్క వేరుశనగ బస్తాతో చెబితే మా రైతులకు వెంటనే అర్థమవుతుంది. బస్తాలో నుంచి నలభై కాయలు తీసి, సిరా చుక్క పెట్టి, తిరిగి వేసి బాగా కలపండి. మళ్లీ యాభై కాయలు తీయండి. అందులో చుక్క ఉన్నవి పది వస్తే, తీసిన వాటిలో అయిదో వంతుకు చుక్క ఉంది. అంటే మీరు మొదట చుక్క పెట్టిన నలభై మొత్తంలో అయిదో వంతు. బస్తాలో దాదాపు రెండు వందల కాయలు ఉన్నాయన్నమాట. కెమెరాలో మొదట పడిన పులులే చుక్క పెట్టిన కాయలు. అసలు సూత్రాలు దీనికంటే చాలా క్లిష్టమైనవే, మూలం మాత్రం ఇదే.

ఇలా వచ్చే సంఖ్య అంచనా కాబట్టి దానికి ఎప్పుడూ ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. 2022 జాతీయ లెక్కలో పులుల సగటు అంచనా 3,682; కింది హద్దు 3,167, పై హద్దు 3,925. పత్రికలు ఒక్కోసారి ఒక్కో అంకెను పట్టుకుని రాస్తే, ప్రభుత్వం మాట మార్చిందని నాకు ఫోన్లు వచ్చాయి. ఎవరూ మాట మార్చలేదు. పోల్చేటప్పుడు మరో జాగ్రత్త కూడా కావాలి. 2006లో 1,411, 2010లో 1,706 అని పక్కపక్కన పెట్టి పెరుగుదల లెక్కగట్టేవారు, మొదటి దానిలో సుందరబనాలు లేవని, రెండో దానిలో అక్కడి 70 పులులు కలిశాయని మరచిపోతారు. నాలుగేళ్లకు ఒకసారి, అదే పద్ధతిలో, అవే చోట్ల, అంతే శ్రమతో చేస్తేనే పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అన్నది తెలుస్తుంది. ఒక్క ఏడాది అంకె పట్టుకుని కాపలా శిబిరం ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం నా దృష్టిలో జాతకం చూసి బోరు వేయడం లాంటిది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను.

పాదముద్రలు చూసి పులులను లెక్కించడమే అసలైన, పాత, నమ్మకమైన పద్ధతి అనే మాట పెద్దల నోట ఇప్పటికీ వింటుంటాను. నల్లమలలో మాతో నడిచే చెంచుల చూపు మీద నాకు ఎనలేని గౌరవం. ఆకు మీద పడిన అడుగును కూడా వారు చదవగలరు. జంతువు అటు పోయిందని చెప్పడానికి అడుగు చాలు, ఎన్ని జంతువులో చెప్పడానికి చాలదు. ఆ పద్ధతి మీద ఆధారపడి రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు ఉన్నాయనే రాసుకుంటూ వచ్చారు. 2005 నాటికి అక్కడ ఒక్కటి కూడా మిగలలేదని తేలింది.

వేసవిలో సాసర్ పిట్ (అడవి జంతువుల కోసం కట్టిన లోతులేని నీటితొట్టి) దగ్గర మంచె మీద కూర్చుని, నీళ్లకు వచ్చినవాటిని లెక్కిస్తే సరిపోతుందన్నది మరొకటి. ఒకే దుప్పి ఉదయమూ సాయంత్రమూ వస్తుంది, వాగులో మడుగు ఉంటే రానే రాదు.

లెక్క పెంచుకోవడానికి రాత్రిపూట లారీల్లో చిరుతలను తెచ్చి గుట్టల్లో వదులుతున్నారన్న పుకారుకు నా ఓపిక ఎప్పుడో అయిపోయింది. బోనులో పడిన చిరుతను అడవిలో వదలడం ఉంది. లెక్క పెరగడం కోసం కాదు.

జంతువులు ఎక్కువని లెక్క తేలితే పొలాలను అభయారణ్యంలో కలిపేస్తారన్న భయం మాత్రం నిజమైన భయం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఈ భయంతోనే మా కెమెరాలను రాళ్లతో పగులగొట్టారు, గట్టు మీద పడిన అడుగులను చెప్పుతో చెరిపేశారు. లెక్క దానంతట అది ఏ భూమినీ అభయారణ్యం చేయదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, కలెక్టరు హక్కులపై విచారణ జరపాలి, అభ్యంతరాలు వినాలి. చిరుత చంపిన పశువుకు పరిహారం కూడా గుట్టలో చిరుతలు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి రాదు. సంఘటన స్థలంలో జరిగే తనిఖీని బట్టి వస్తుంది. అందుకే కళేబరాన్ని కదిలించకుండా వెంటనే అటవీశాఖ బీటు అధికారికి చెప్పాలి.

చివరిగా, చిరుత కనబడిందని నాకు ఫోను చేసేవారికి ఒక విన్నపం. ఎన్ని ఉన్నాయో మీరు తేల్చనక్కరలేదు. ఏ వేళకు, ఏ గట్టు మీద, ఎటు పోతూ కనబడిందో, వెంట పిల్లలు ఉన్నాయో లేదో చెప్పండి చాలు. మెత్తటి నేలలో అడుగు పడి ఉంటే దాని మీద ఒక గంప బోర్లించి, పైన రాయి పెట్టండి. గాలికీ, మేకల కాళ్లకూ చెరగకుండా మేము వచ్చేదాకా అది అలాగే ఉంటుంది.