కోటి టర్నోవర్‌కు ఎన్ని టన్నుల ఉద్గారాలు? ఈ లెక్కను ఒంటరిగా నమ్మకండి

అపోహ: టర్నోవర్‌తో భాగించిన ఉద్గారాలు తగ్గితే కాలుష్యం తగ్గినట్టే.

కాదు. సుస్థిరత కేపీఐల్లో, అంటే పర్యావరణ పనితీరును కొలిచే ముఖ్య సూచికల్లో, కంపెనీలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ఒక సిమెంటు ప్లాంటు ఉందనుకుందాం. మొదటి ఏడు 10 లక్షల టన్నుల సిమెంటు, 6 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్, 500 కోట్ల టర్నోవర్. అంటే కోటికి 1,200 టన్నులు. మరుసటి ఏడు ఉత్పత్తి అంతే. ధర 10 శాతం పెరిగి టర్నోవర్ 550 కోట్లయింది. బట్టీ మాటిమాటికీ ఆగి మళ్లీ వేడెక్కించాల్సి రావడంతో ఉద్గారాలు 6.2 లక్షల టన్నులకు చేరాయి. కోటికి లెక్కేస్తే 1,127 టన్నులే! నివేదికలో ‘6 శాతం తగ్గుదల’ అని అచ్చవుతుంది. టన్ను సిమెంటుకు చూస్తే 600 కిలోల నుంచి 620కి పెరిగింది.

ధర పడిపోయిన ఏడు ఇదే తిరగబడుతుంది. బొగ్గు నిజంగా ఆదా చేసిన ప్లాంటు మీద నింద పడుతుంది, వాళ్లడిగిన వేస్ట్ హీట్ రికవరీ (వృథాగా పోయే వేడిని తిరిగి వాడుకోవడం) బడ్జెట్ ఆగిపోతుంది.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టెడ్ కంపెనీలకు పెట్టిన సుస్థిరత నివేదిక నమూనా ‘బీఆర్‌ఎస్‌ఆర్ కోర్’ భౌతిక ఉత్పత్తితో భాగించిన లెక్కనూ అడిగేది అందుకే. మొత్తం ఉద్గారాలు, టన్నుకు ఉద్గారాలు, టర్నోవర్‌కు ఉద్గారాలు మూడూ పక్కపక్కనే పెట్టండి. ఉత్పత్తులు వేరైతే హారాలూ వేరుగా ఉండాలి. క్లింకర్ (సిమెంటుగా పొడిచేసే, బట్టీలో కాల్చిన ముడిసరుకు) బయట కొనడం మొదలుపెడితే స్కోప్ 1, అంటే మీ ప్లాంటులోంచి నేరుగా వచ్చే ఉద్గారాలు, పడిపోతుంది. ఆ పొగ క్లింకర్ అమ్మినవాడి బట్టీలోంచి వస్తూనే ఉంటుంది, మీ స్కోప్ 3లో, అంటే సరఫరాదారుల వంటి ఇతరుల దగ్గర వచ్చే ఉద్గారాల్లో చేరుతుంది. ఆ మార్పును నివేదికలో రాయాల్సిందే.

అపోహ: ఉద్గారాల లెక్కకు డీజిల్ బిల్లులు కూడితే చాలు.

చాలదు. ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు కలిపి ముగింపు నిల్వ తీసేయాలి. అలా తేలిన వాడకానికి లీటరుకు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కేయాలి. గ్రిడ్ కరెంటుకైతే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చే ఉద్గార గుణకం వాడాలి: 2023-24కు యూనిట్‌కు 0.727 కిలోలు. ఏ ఏడాది గుణకమో పక్కనే రాయండి.

అపోహ: తోడిన నీరంతా వినియోగమే.

తోడినదాంట్లోంచి బయటికి వదిలినది తీసేస్తే వచ్చేదే వినియోగం.

అపోహ: పెద్ద కంపెనీకి సరుకిచ్చే ప్రతి చిన్న యూనిట్‌కూ సుస్థిరత ఆడిట్ తప్పదు.

ఈ పుకారుతో చిన్న యజమానులు కన్సల్టెంట్లకు డబ్బు పోస్తున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది, కానీ ఆ ఖర్చు అవసరం లేదు. సెబీ నిబంధన చూసేది పెద్ద లిస్టెడ్ కంపెనీ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో విలువ ప్రకారం 2 శాతం, ఆపైన వాటా ఉన్న భాగస్వాములనే. మీ కొనుగోలుదారు అడిగితే 12 నెలల కరెంటు బిల్లులు, డీజిల్ రిజిస్టరు, నీటి మీటర్ రీడింగులు, నెలవారీ ఉత్పత్తి ఇవ్వండి. మొదటి ఏడాదికి అంతకుమించి కొనాల్సిందేమీ లేదు.