బల్లకి అటువైపు కూర్చునేవాళ్లకి నేర్పిందెవరు?

రెండేళ్ల కిందట మే నెలలో రాజాం వైపు ఒక ప్రైవేటు స్కూలు కరెస్పాండెంటు నాకు ఫోన్ చేశారు. "మాస్టారూ, మీరు టీచర్ల సంఘంలోనూ పనిచేశారు, హెచ్చెమ్‌గానూ చేశారు. మా స్టాఫ్ కాగితం ఇచ్చారు. ఒకసారి వచ్చి మా దగ్గర కూర్చోండి" అన్నారు. వెళ్లాను. కాగితం అంటే లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన రెండు పేజీలు. అడిగినవి నాలుగే. వేసవి సెలవులకి కూడా జీతం ఇవ్వాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చెయ్యాలి. జీతం అయిదో తారీఖులోపు పడాలి. అడ్మిషన్ల కోసం ఎండలో ఊరూరా తిప్పకూడదు. కింద 31 మంది టీచర్ల సంతకాలు, వాటి కింద 9 మంది బస్సు డ్రైవర్లవి.

టీచర్లు లోపలికి వచ్చి కూర్చున్నాక కరెస్పాండెంటుగారు అడిగిన మొదటి మాట, "ఇది మీచేత ఎవరు రాయించారు?"

ఆ పూటకి మీటింగు అక్కడితో అయిపోయింది. టీచర్లు తలలు దించుకున్నారు. డ్రైవర్లలో పెద్దాయన మాత్రం, "ఎవులు రాయిస్తే ఏటి బాబూ, లేబరాఫీసులో కూడా ఒకటి ఇచ్చేసినాం" అని లేచి బయటికి నడిచాడు.

ఆ కరెస్పాండెంటు చెడ్డమనిషి కాదు. స్కూలు గుర్తింపు రెన్యువల్ దగ్గర్నుంచి బస్సుల ఫిట్‌నెస్ దాకా అన్నీ వేళ్లమీద చెప్పగలరు. సిబ్బంది కలిసికట్టుగా వచ్చి అడిగినప్పుడు ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. హెచ్చెమ్‌గా నేను హాజరైన శిక్షణలన్నిటిలో పాఠశాల అభివృద్ధి ప్రణాళిక గురించి చెప్పారు, మధ్యాహ్న భోజనం లెక్కల గురించి చెప్పారు, యాప్‌ల గురించి రోజులకి రోజులు చెప్పారు. సంఘంతో చర్చలకి ఎలా సిద్ధపడాలో ఒక్క పూట కూడా చెప్పలేదు. ఈ లోటుకి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా వెనకటి కథ ఉంది.

మన వైపు ఇంగ్లిషు చదువుల బడిపంతులు ఉద్యోగం సంస్థానాల నీడలో పెరిగింది. విజయనగరం మహారాజావారి బడి 1857లో మొదలై 1879లో కాలేజీ అయింది. గురజాడ అప్పారావుగారు 1884లో అక్కడి హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరినప్పుడు జీతం 25 రూపాయలు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయలకి చేరారు. అంతటివాళ్లకైనా అది కొలువు. కొలువులో మనవి చేసుకోవడం ఉంటుంది, బేరమాడటం ఉండదు. ఇప్పటికీ మనం సంఘం తరఫున ఇచ్చే కాగితాన్ని 'వినతిపత్రం' అనే అంటున్నాం. ఆ మాటలోనే ఒకరు కుర్చీలో, ఒకరు నిలబడి ఉన్నారు.

విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది, 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. ఈ మధ్యలోనే, 1959లో, పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి ప్రాథమిక పాఠశాలల టీచర్లు సమితుల చేతికి వెళ్లారు. సమితి ప్రెసిడెంటుకి కోపం వస్తే కొండమీదకి బదిలీ, దయ కలిగితే సొంతూరికి. ఆ రోజుల్లో పనిచేసిన మా సీనియర్లు ఇవి కథలుగా చెప్పేవారు. సంఘాలు బలపడటానికి జీతం ఒక్కటే కారణం కాదు, ఈ బదిలీల భయం అంతకంటే పెద్ద కారణమని నా నమ్మకం. ఏపీటీఎఫ్, ఎస్టీయూ అనే టీచర్ల సంఘాలు అప్పటికే ఉన్నాయి. 1971లో పీఆర్టీయూ, 1974లో యూటీఎఫ్ వచ్చాయి. బదిలీ ఒకరి దయ కాకూడదు, సీనియారిటీ ప్రకారం అందరి ఎదుట జరగాలి అన్న కోరిక కౌన్సెలింగ్‌గా మారింది. చివరికి 2025లో బదిలీల నియంత్రణకి ఏకంగా ఒక చట్టమే వచ్చింది.

శ్రీకాకుళానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడి గిరిజన రైతాంగ పోరాటానికి ముందు నిలిచిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. 1970 జూలైలో ఇద్దరూ పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ తర్వాత పదిహేనేళ్లు దాటాక నేను ఉద్యోగంలో చేరాను. అప్పటికి కూడా కొందరు పాత అధికారులకి టీచర్లు నలుగురు కూడితే అనుమానమే. నేను మండల కార్యదర్శిగా సెలవుల లెక్క గురించి అడగడానికి వెళ్తే, సెలవుల సంగతి వదిలేసి "మీ మీటింగు ఎక్కడ పెట్టుకున్నారు?" అని అడిగినవాళ్లున్నారు. రాజాంలో కరెస్పాండెంటుగారు "ఎవరు రాయించారు?" అనగానే నాకు ఆ గొంతే వినిపించింది.

1980ల్లో ప్రభుత్వం స్పెషల్ టీచర్లని నెలకి 398 రూపాయలకి తీసుకుంది. వాళ్లని ఇప్పటికీ '398 టీచర్లు' అనే అంటారు. తర్వాత అప్రెంటిస్ పద్ధతి వచ్చింది, విద్యా వలంటీర్లు వచ్చారు. పక్కపక్క గదుల్లో ఒకే పాఠం చెప్పే ఇద్దరికి రెండు రకాల జీతాలు. ఆ కాలంలో చేరి తర్వాత హెచ్చెమ్‌లు, మండల విద్యాధికారులు (ఎంఈవోలు) అయినవాళ్లు చాలామంది. వాళ్లకి అన్యాయం జరగడం తెలుసు, దానికోసం ధర్నా చెయ్యడం తెలుసు. కుర్చీ మారాక అవతలివాళ్ల ధర్నాకి ముందే వాళ్లతో కూర్చోవడం మాత్రం తెలియదు. ఇందులో నన్నూ కలుపుకునే చెప్తున్నాను.

ప్రభుత్వ టీచర్ల విషయంలో అసలు చర్చలు మన జిల్లాల్లో జరగవు. పదకొండో పీఆర్సీ, అంటే ఉద్యోగుల జీతాల సవరణ, సంగతే చూడండి. అప్పటికే 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్న ఉద్యోగులకి 2022 జనవరి 7న మూలవేతనం మీద పెంపుగా 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు. దాంతోపాటు హెచ్చార్ఏ (ఇంటద్దె భత్యం) శ్లాబులు తగ్గాయి. ఫిబ్రవరి 3న చలో విజయవాడ. బస్సులు ఆపినా, ఇళ్ల దగ్గర కాపలా పెట్టినా జనం చేరారు. 5వ తేదీ రాత్రి మంత్రుల కమిటీతో ఒప్పందం కుదిరి సమ్మె ఆగింది. ఫిట్‌మెంట్ మాత్రం మారలేదు. ఉపాధ్యాయ సంఘాలు చాలావరకు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. మర్నాడు బళ్లో స్టాఫ్‌రూమ్ రెండుగా చీలింది, మధ్యలో హెచ్చెమ్ నిలబడ్డాడు. ఒప్పందం కాగితం ఆయనకి వాట్సాప్‌లో వచ్చింది, అందరికీ వచ్చినట్టే. అందులో ఏముందో, ఎందుకుందో చెప్పగలిగే స్థితిలో ఆయన లేడు.

అదే ఏడాది ముఖ హాజరు యాప్ వచ్చింది. మా ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని టీచర్లు ఎదురు తిరిగారు. అప్పటి విద్యామంత్రి బొత్స సత్యనారాయణగారిది మన చీపురుపల్లి నియోజకవర్గమే. ఆయన సంఘాలని పిలిచి మాట్లాడారు కానీ, అది యాప్ వచ్చాక. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి తరలించిన జీవో 117 కూడా 2022 జూన్‌లోదే. మూడేళ్ల గొడవ తర్వాత 2025 మేలో దాన్ని పక్కనపెట్టి కొత్త జీవోలు ఇచ్చారు. ముందు జీవో, తర్వాత ధర్నా, ఆ తర్వాత చర్చ. ఈ వరస తిరగబడితే ఖర్చయ్యేది నాలుగు మీటింగుల టీ డబ్బులే.

ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ప్రైవేటు ఎయిడెడ్ సంస్థల్లో బాధ ఇంకో రకం. 2021 ఆగస్టులో సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమని జీవో వచ్చింది. గొడవలయ్యాక నవంబరులో, ఇష్టమైతేనే అప్పగించవచ్చని వెసులుబాటు ఇచ్చారు. అదే ఏడాది జూలైలో విజయనగరం కోటలో మాన్సాస్ ఉద్యోగులు జీతాల కోసం కార్యనిర్వహణాధికారిని నిలదీశారు. విజయనగరం రాజవంశానికి చెందిన పీవీజీ రాజుగారు 1958లో పెట్టిన ట్రస్టు అది. అంత పాత సంస్థలో కూడా ఉద్యోగి గోడు వినిపించడానికి దారి, ఆఫీసు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడటమే అయింది.

ఇలాంటి చర్చలకి స్కూలు అధికారుల్ని సిద్ధం చెయ్యడం ఒక పనిగా, ఒక చదువుగా పెరిగింది అమెరికాలో. అక్కడ ప్రభుత్వోద్యోగులతో సమష్టిగా బేరం కుదుర్చుకోవడానికి 1959లో మొదట చట్టం చేసిన రాష్ట్రం విస్కాన్సిన్. 1960 నవంబరు 7న న్యూయార్క్ టీచర్లు ఒక్కరోజు సమ్మె చేశారు. తర్వాత సంఘాన్ని ఎన్నుకుని, 1962లో మొత్తం నగరానికి ఒకే ఒప్పందం రాసుకున్నారు. ఒప్పందానికి గడువు ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మళ్లీ కూర్చోవాలి. అందుకే అధికారులకి శిక్షణ అవసరమైంది. అడిగిన ప్రతి కోరికకీ ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క కట్టుకోవడం, బల్ల దగ్గర ఎవరు మాట్లాడాలో తేల్చుకోవడం, మాట కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి వెళ్లడం నేర్పుతారు. అక్కడా అంతా సజావుగా లేదు. అదే విస్కాన్సిన్ 2011లో టీచర్ల బేరం హక్కుని చాలావరకు కోసేసింది. వాళ్ల చట్టం మనకి పనికిరాదు. కూర్చోబోయే ముందు లెక్క కట్టుకునే అలవాటు మాత్రం మనం తెచ్చుకోవచ్చు.

రాజాం కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, ఒకే కాగితం మీద సంతకం పెట్టిన టీచరుకి, డ్రైవరుకి చట్టం దగ్గర ఉన్న తేడా. విద్యాసంస్థ కూడా పరిశ్రమ కిందికే వస్తుందని 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ టీచరు 'కార్మికుడు' కాదని 1988లో ఇంకో కేసులో చెప్పింది. కాబట్టి డ్రైవరు, ఆయా, వాచ్‌మన్ లేబరాఫీసుకి వెళ్లగలరు, టీచరమ్మ వెళ్లలేదు. ఆ పెద్దాయన అంత ధీమాగా లేచి వెళ్లడానికి, ఆమె తలదించుకోవడానికి ఇదే కారణం. హైస్కూలు స్థాయిలో మూడేళ్లు పాఠం చెప్పిన ప్రైవేటు టీచరుకి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటు ఉంటుంది. శాసనమండలికి మనిషిని పంపగలిగినామె తన స్కూల్లో మే నెల జీతం అడగలేకపోతోంది.

టీచరుకి అసలు ఏమీ లేదనీ కాదు. 1982 విద్యాచట్టం ప్రకారం ప్రైవేటు స్కూలు కూడా ఉద్యోగిని ఇష్టమొచ్చినట్టు తీసెయ్యకూడదు, సంబంధిత అధికారి ముందస్తు అనుమతి కావాలి. గ్రాట్యుటీ ప్రైవేటు టీచర్లకీ వర్తిస్తుందని, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్కేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిటికంటే ముఖ్యమైనది 1994 జనవరి 1 నాటి జీవో 1. వసూలైన ఫీజుల్లో 50 శాతం సిబ్బంది జీతాలకి, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా లాంటివాటికి వెళ్లాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం అని అందులో ఉంది. 30 ఏళ్లు దాటిన ఆ జీవోని పూర్తిగా చదివిన కరెస్పాండెంటు నాకు ఇంకా ఎదురుపడలేదు. ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒకటికి మించి సంఘాలుంటే 51 శాతం మద్దతున్న సంఘమే చర్చలకి ప్రతినిధి. దాతృత్వ సేవలో ఉన్న సంస్థల్ని మాత్రం పరిశ్రమ నిర్వచనంలోంచి తప్పించారు. మన స్కూళ్లు చాలావరకు ట్రస్టుల, సొసైటీల పేరుమీదే నడుస్తాయి. ఈ ముక్క పట్టుకుని రేపు డ్రైవర్ల మీద కూడా వాదన రావచ్చు. చట్టం చదవని యాజమాన్యం ఆ వాదనలో గెలిచినా, మర్నాడు బస్సు నడిపేది ఆ డ్రైవరే.

రెండో మీటింగుకి ముందు నేను కరెస్పాండెంటుగారితో ఒక పూటంతా కూర్చున్నాను. మొదట జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టించుకునే ఎక్విటెన్స్ రిజిస్టరు తెప్పించమన్నాను. ఆయన కాసేపు ఊరుకుని తెప్పించారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఎదురుగా ఉన్న అంకె ఒకటి, చేతికిచ్చే డబ్బు ఇంకొకటి. "ఈ పుస్తకం అలమార్లో ఉన్నంతకాలం మీరు ఎవరితోనూ ధైర్యంగా మాట్లాడలేరండీ" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు కానీ కాదనలేదు. తర్వాత నాలుగు కోరికలకీ లెక్క కట్టాం. సర్టిఫికెట్లు తిరిగివ్వడానికి ఖర్చు సున్నా. జీతం అయిదో తారీఖున ఇవ్వడానికి ఖర్చు లేదు, ఫీజుల వసూలు తేదీని వారం ముందుకి జరపాలంతే. అడ్మిషన్ల తిరుగుడుకి మనిషికి రోజుకింత భత్యం ఇవ్వొచ్చు, ఇష్టపడినవాళ్లనే పంపొచ్చు. మే జీతం ఒక్కటే బరువైనది. మొత్తం ఎంతవుతుందో అంకె వేసి చూసుకునేసరికి, ఆయన భయపడినంతలో సగమే వచ్చింది.

"ఏది మీరు ఇప్పుడే ఇవ్వగలరు, ఏది ట్రస్టువాళ్లని అడగాలి, అది ముందే చెప్పెయ్యండి" అన్నాను. నా సర్వీసంతా నేను విని విసిగిపోయిన మాట "పైకి రాస్తాను". హెచ్చెమ్‌గా నేనూ ఆ మాట అన్నాను. పైకి రాసిన కాగితం నకలు ఇచ్చి, ఏ తేదీకి జవాబు చెప్తానో చెప్పి ఉంటే, అవతలివాళ్లు నమ్మేవారు. ప్రభుత్వ బడిలో హెచ్చెమ్ చేతిలో ఫిట్‌మెంట్ లేదు నిజమే. కానీ టైంటేబులు, సెలవు పెట్టినవారి క్లాసులు ఎవరు తీసుకోవాలన్నది ఆయన చేతిలోనే ఉన్నాయి. వీటిమీద రిజిస్టరు ముందు పెట్టుకుని మాట్లాడే హెచ్చెమ్ దగ్గర గొడవలు తక్కువగా ఉండటం నేను కళ్లారా చూశాను.

రెండో మీటింగులో కరెస్పాండెంటుగారు ఎవరు రాయించారని అడగలేదు. లేచి ఇనప అలమారు తీసి, ఖాకీ కవర్లు ఒక్కొక్కటీ పేరు పిలిచి చేతికిచ్చారు. ఒక టీచరమ్మ కవరు విప్పి డిగ్రీ పట్టా వెలుతురుకి పట్టి చూసుకుంది, చెద పట్టిందేమోనని. మే జీతం ఆ ఏడాదికి సగం, మిగతా సగం సంగతి వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ కూర్చుని తేల్చుకోవాలని రాసుకున్నారు. రెండు ప్రతులు తీశారు. డ్రైవర్ల పెద్దాయన తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, జేబులో లైసెన్సు వెనకాల దాచుకున్నాడు.